గుడ్డిపూవు

మార్గశిరమాసపు చలి యింకను వీడని ప్రాతఃకాలమున, ఓరుగల్లు దాటి ఉత్తరమునకు పోవు బాట కిరువైపుల నల్లరేగడి చేలలో ప్రత్తి తెల్లగా విరియబూచి యుండగా, ఆ బాటను పోవువానికి ఇంతకన్న సుభిక్షమైన సీమ వేరొకటి యుండబోదని తోచును. కారు దిగి చేనిలో నాలుగడుగులు వేసినవానికి మాత్రము వేరు సంగతి కనబడును. రేకులు విచ్చుకొనవలసిన పూవు, కొనలన్నియు దారముతో కుట్టినట్లు ముడుచుకొనిపోయి, గులాబీమొగ్గవలె గుండ్రముగా బిగిసి యుండును. వ్యవసాయాధికారి మొదలుకొని ప్రత్తి ఏరు కూలీ వరకు అందరును దానిని ‘గుడ్డిపూవు’ అనియే పిలుతురు. దానిని చిదిమిన, లోపల బియ్యపుగింజకన్న కొంచెము పొడవైన పురుగొకటి వెలుతురునకు జడిసి మెదలును. అదియే గులాబీరంగు పురుగు.

ఆ చేని రైతు నిగనిగలాడు పచ్చికాయ నొకదానిని త్రెంచి నా చేతిలో పెట్టెను. త్రిప్పి త్రిప్పి చూచితిని. గాటు లేదు, రంధ్రము లేదు. “పైకి చూస్తె కాయ మంచిగనే ఉంటది సారూ, పగులగొడితెనే లోపటి సంగతి ఎరుకైతది” అని యాతడు దానిని రెండు రాళ్ల నడుమ నొక్కెను. లోపల దూది పసుపుబారి గడ్డకట్టి యుండెను. రెండు గింజలు ఒకదాని కొకటి యంటుకొని, వాని నడుమ గులాబీరంగు దేహముతో పురుగు సుఖాసీనమై యుండెను. “బీటీ అంటిరి. పురుగే రాదంటిరి” అని కొంతసేపూరకుండి, నేనడుగకయే మరల అనెను: “మొదట్ల మంచిగనే ఉండె. అబద్ధమెందుకు ఆడాలె?”

జన్యుమార్పిడి పంటలను గూర్చి ఈ దేశమున నడచిన వాదప్రతివాదములలో అధికభాగము, ఆ రైతు చెప్పిన రెండు మాటలలో ఒకదానిని విని రెండవదానికి చెవులు మూసికొన్నవారి వాదములే. ఒక పక్షమునకు అది ఆకలిని హరించు అక్షయపాత్ర. మఱియొక పక్షమునకు పూతన స్తన్యము. చేనిలో నిలిచి చూచువానికి ఈ యుపమానములు రెండును అక్కరకు రావు.

ఆ ‘మొదట్ల’ అను మాట వెనుక నున్న చరిత్రను తెలుగువారు మరువరాదు. 1987-88 ప్రాంతమున ప్రకాశము, గుంటూరు మండలములలో తెల్లదోమయు శనగపచ్చ పురుగును ప్రత్తిని ధ్వంసము చేయగా, అప్పుల పాలైన రైతులు ప్రాణములు తీసికొన్న వార్తలను మనము తొలిసారిగా చదివితిమి. పదేండ్లకు, 1997-98లో, ఓరుగల్లు సీమలో లద్దెపురుగు విరుచుకుపడినది. పంటకాలములో పదునైదు ఇరువది మారులు మందు చల్లినను చావని పురుగును కూలీల చేత చేతులతో ఏరించి డబ్బాలలో పోయించిన రైతులు, తుదకు ఆ పురుగు చావని మందునే తాము త్రాగి చనిపోయిరి. దేశమున సాగుభూమిలో ఇంచుమించు ఇరువదవ వంతు మాత్రమే ప్రత్తి పండుచుండగా, దేశమందలి పురుగుమందులలో దాదాపు సగము ఆ యొక్క పంటపైననే కురియుచుండిన కాలమది. అట్టి కాలమున మందు తానే మోసికొని పుట్టు మొక్క వచ్చినదన్న వార్త రైతు చెవికి ఎట్లు వినబడెనో ఊహించుట కష్టము కాదు.

ఆ మొక్కలోని రహస్యము మిక్కిలి ప్రాచీనమైన యొక సూక్ష్మజీవిది. 1901లో జపానునందు ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగుల చావునకు హేతువైన బాక్టీరియమును కనుగొనెను. 1911లో జర్మనీయుడైన బెర్లినర్ పిండిపురుగులో దానినే కని, పిమ్మట తురింగియా అను సీమ పేరు మీదుగా దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని నామకరణము చేసెను. మన రైతుల నోట నలిగిన ‘బీటీ’ ఆ పేరునకు పొడియక్షరములు. ఈ జీవి తయారుచేయు మాంసకృత్తు స్ఫటికములు గొంగళిపురుగు ప్రేవులలోని క్షారరసమున కరగి, ప్రేవుగోడనున్న గ్రాహకములకు తాళమునకు తాళపుచెవివలె అమరి, అచట రంధ్రములు చేయును. పురుగు మేత మాని కొలది దినములలో చచ్చును. మన జఠరము ఆమ్లమయము, మన ప్రేవులలో ఆ తాళము లేదు; కావున అదే పదార్థము మనకు తక్కిన మాంసకృత్తులవలె జీర్ణమైపోవును. ఆ స్ఫటికమును చేయు జన్యువును వేరుచేసి, మొక్కలపై కంతులు పుట్టించు నేలబాక్టీరియము సాయముతో ప్రత్తికణములోనికి చొప్పించిరి. ఈ బాక్టీరియము తన జన్యుఖండమును పరాయి మొక్కలలోనికి దూర్చు విద్యను మానవుడు పుట్టక మునుపే నేర్చినదన్న సంగతిని, ‘ప్రకృతివిరుద్ధము’ అను మాటను వాడు ముందు ఒకమారు తలచుకొనుట మేలు.

2002 మార్చిలో కేంద్రప్రభుత్వపు జన్యుసాంకేతిక ఆమోదసంఘము మూడు సంకర విత్తనములకు అనుమతి నిచ్చెను. తొలియేడు ఓరుగల్లు జిల్లాలో అవి రాణింపలేదు. పస్తాపూరులోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు ఊరూర తిరిగి నష్టముల లెక్కలు వ్రాసిరి, ఆ సంస్థకు చెందిన గ్రామీణస్త్రీలు కెమెరాలు పట్టి రైతుల గోడును చిత్రించిరి. 2005లో ఆ మూడు రకములకును ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరింపబడెను. కాని దోషము జన్యువుది కాక, దానిని మోసిన సంకరము మన నేలకు తగకపోవుటయని త్వరలోనే తేలినది. వేరు సంకరములలో అదే జన్యువు వచ్చినంతనే రైతులు వెల్లువవలె దానివైపు మరలిరి. పదేండ్లు నిండునప్పటికి దేశమందలి ప్రత్తిభూమిలో నూటికి తొంబది పాళ్లకు పైగా బీటీయే. హెక్టారునకు 300 కిలోల చిల్లర యుండిన దూది దిగుబడి 2007-08 నాటికి 550 కిలోల దరికి చేరినది. దేశము ప్రత్తి దిగుమతులు తగ్గించి ఎగుమతులకు దిగినది. కాయతొలుచు పురుగుపై చల్లు మందులు నిజముగనే తగ్గినవి. ఇది ‘మొదట్ల మంచిగ’ అను మాటకు టీక.

ఈ వృద్ధిలో జన్యువు పాలెంత యన్నది పండితుల వివాదము. మతిన్ కైమ్, జోనాస్ కథాజీలు 2012లో ప్రకటించిన పరిశోధనలో, బీటీ వలన ఎకరపు దిగుబడి 24 శాతము, లాభము 50 శాతము పెరిగినట్లు లెక్కగట్టిరి. నాగపురములోని కేంద్ర ప్రత్తి పరిశోధనసంస్థకు సంచాలకుడుగా నుండిన కేశవ్ క్రాంతి, మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్‌తో కలిసి 2020లో వ్రాసిన వ్యాసములో, ఆ యేండ్లలోనే ఎరువుల వాడుక పెరుగుట, నీటివసతి, కొత్త పురుగుమందులు వచ్చుట మొదలైనవే దిగుబడికి ముఖ్యకారణములనియు, రైతు పురుగుమందులపై చేయు ఖర్చు తుదకు బీటీకి ముందున్న దానిని మించిపోయినదనియు చూపిరి. కాయపురుగు తగ్గినచోట రసము పీల్చు పచ్చదోమ, తెల్లదోమలు తలయెత్తినవి మఱి. రెండు లెక్కలును నాకు అబద్ధములుగా తోచవు. మొదటిది వసంతములో తీసిన చిత్తరువు, రెండవది శిశిరములో తీసినది.

ఇక గుడ్డిపూవు కథ. శనగపచ్చ పురుగు ప్రత్తిపైననే కాక శనగపై, కందిపై, టమాటాపై బ్రదుకును. కావున బీటీ విషము తగులని దాని సంతతి చుట్టుప్రక్కల చేలలో సమృద్ధిగా పెరుగుచు, విషమును తట్టుకొను అరుదైన పురుగులతో జతకూడి ఆ తట్టుకొను గుణమును పలుచన చేయుచుండును. నేటికిని ఆ పురుగు బీటీ ముందు చాలవరకు తలవంచియే యుండుటకు ఇదియే హేతువు. గులాబీరంగు పురుగునకు ప్రత్తి తప్ప వేరు దిక్కు లేదు. అట్టిదానికి మనమే ఆశ్రయము కల్పింపవలెను: చేనిచుట్టు ఐదు వరుసలు గాని, చేనిలో ఐదవ వంతు గాని బీటీ కాని ప్రత్తి నాటవలెనని నిబంధన పెట్టిరి. అందుకొఱకు 450 గ్రాముల విత్తనపు సంచితో పాటు 120 గ్రాముల చిన్నసంచి నొకదానిని ఇచ్చెడివారు. ఆ చిన్నసంచి గట్టుమీదనో పెంటకుప్పలోనో పడియుండుట పల్లెలలో చూడనివారు లేరు. ఎకరన్నర చేనుగల కౌలురైతును, నీ చేనిలో ఐదవ వంతు పురుగులకు వదలుమని కోరి, ఎందుకో చెప్పక, నష్టపరిహార మీయక, ఆ పిమ్మట వాడు చెప్పినట్లు వినలేదని నిందించుట మన శాసనకర్తల న్యాయము.

ఇంతకన్న లోతైన కారణము వేరొకటి కలదు. అమెరికాలోను చైనాలోను బీటీ జన్యువును ప్రధానముగా సూటిరకములలో, అనగా పంటలోని గింజనే మరల నాటుకొనదగిన రకములలో పెట్టిరి. మన దేశమున మాత్రము దానిని ఇంచుమించు సంకరములకే పరిమితము చేసిరి. సంకరపు గింజను మరుసటి యేట నాటిన తల్లి గుణము నిలువదు. కావున రైతు ఏటేట దుకాణమునకు పోవలసినదే. విత్తనము కంపెనీలకు ఇది తాళము వేయనక్కరలేని పెట్టె. కాని ఆ పెట్టెలో పురుగునకును చోటు దొరకినది. సంకరపు మొక్క కాయలలో పెరుగు గింజలు ఒక్కతీరుగా నుండవు. రెండు బీటీ జన్యువులు గల సంకరములలో కొన్ని గింజలలో విషములు రెండును ఉండగా, కొన్నింట ఒక్కటియే యుండును, అరుదుగా కొన్నింట ఏదియు నుండదు. గింజలు తిని బ్రదుకు పురుగునకు ఇంతకన్న మంచి వ్యాయామశాల దొరకునా? పైగా ఈ సంకరములు దీర్ఘకాలికములు. నీరున్న రైతు ఫాల్గుణము దాటువరకు చేనిని నిలుపగా, పురుగు తరముపై తరము అందే పెరుగును. 2009లో గుజరాతులో మొదటి జన్యువునకు లొంగని గులాబీరంగు పురుగులు కనబడినవి. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2 సైతము పదేండ్లు తిరుగకముందే దాని ముందు ఓడినది. అమెరికాలో అదే పురుగును, అదే జన్యువుతో, మొదట ఆశ్రయపు వరుసలతో, పిమ్మట వంధ్యములైన రెక్కలపురుగులను ఆకాశము నుండి వదలి, 2018లో నిర్మూలించినట్లు ప్రకటించిరి. మందు ఒకటే, వాడిన చేయి వేరు.

సంకరము ఎట్లు పుట్టునో గద్వాల ప్రాంతమున చూడవలెను. నడిగడ్డ పల్లెలలో ‘సీడు పత్తి’ చేలలో సాయంకాలము కాగానే స్త్రీలు వరుసలలో వంగి, మరునాడు విరియబోవు ఆడమొక్క మొగ్గను పట్టి, రేకులను, పుప్పొడి తిత్తులను గోటితో ఒలిచివేసి, కీలాగ్రమునకు గాయము కాకుండ విడుతురు. తెల్లవారిన పిమ్మట మగమొక్క పూవును తెచ్చి దానిపై మెల్లగా రుద్దుదురు. దీనిని వారు ‘క్రాసింగు’ అందురు. ఒక్కొక్క పూవునకు రెండు మారులు మనుష్యహస్తము తగులనిదే ఒక్క సంకరపు కాయ పుట్టదు. ఈ పనికి చిన్నివ్రేళ్లు అనుకూలమని, బడికి పోవలసిన ఆడపిల్లలను ముందుగా బయానా ఇచ్చి కట్టివేసిన చరిత్ర కర్నూలు, పాలమూరు సీమలకు మాయనిమచ్చ. ప్రపంచమందలి అత్యాధునిక విజ్ఞానము పదేండ్ల బాలిక గోటిపై ఆధారపడి అంగడికి వచ్చెనన్న సంగతి ప్రయోగశాలల నివేదికలలో కనబడదు.

సూటిరకములను ప్రభుత్వరంగము చేయలేదా యని పాఠకులడుగవచ్చును. చేసినది. నాగపురపు సంస్థయు ధార్వాడ విశ్వవిద్యాలయమును కలిసి రూపొందించిన ‘బికనేరి నర్మా బీటీ’ని 2009లో రైతులకు విడుదల చేసిరి, గింజను దాచుకొని మరల నాటుకొనవచ్చునని చాటిరి. కాని అందులో ప్రైవేటు కంపెనీ జన్యువు కలిసినట్లు బయటపడగా, ఏడాదిలోనే దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఒక్క పొరపాటుతో రైతు పక్షమున ఉండదగిన దారి మూసికొనిపోయినది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువ బాధించునది ఈ ఘట్టమే.

విత్తనపు ధర విషయమున మాత్రము నాటి మన ఉమ్మడి రాష్ట్రము దేశమునకు దారి చూపినది. 450 గ్రాముల సంచిని కంపెనీలు 1600 రూపాయలకు పైబడి అమ్ముచు, అందులో పెద్దపాలు జన్యువు బాడుగగా వసూలు చేయుచుండగా, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తాధిపత్య నిరోధక సంఘమునకు ఫిర్యాదు చేసి, ధరను 750 రూపాయలకు దించి, మరుసటి యేడు ప్రత్యేకముగా ప్రత్తివిత్తనముల చట్టము చేసినది. నేడు దేశమంతట కేంద్రమే ధర నిర్ణయించుచున్నది. ధర తగ్గినది గాని రైతు జ్ఞానము పెరుగలేదు. పైన పేర్కొన్న స్టోన్ ఓరుగల్లు పల్లెలలో ఏండ్ల తరబడి తిరిగి గమనించిన విషయము విచిత్రమైనది: ఒక యేడు ఊరంతయు ఒకే పేరుగల విత్తనము కొనును, మరుసటి యేడు కారణము తెలియకయే దానిని విడిచి మఱియొకదానిపై పడును. వందలకొలది పేర్లతో సంచులుండగా, దేనిలో ఏమున్నదో పరీక్షించి నేర్చుకొను వ్యవధి రైతునకు చిక్కదు. తాత గింజను కొరికి, చేతిలో పోసి చూచి ఎన్నుకొనెడివాడు; మనుమడు సంచిపై బొమ్మ చూచి కొనుచున్నాడు.

ఈ అయోమయమునకు తోడు ‘గడ్డిమందు విత్తనములు’ వచ్చినవి. గ్లైఫోసేట్ చల్లినను చావని ప్రత్తి ఇది. దేశమున అనుమతి లేనిది, ‘బీజీ-3’ అను మాయపేరుతో రాత్రివేళ చేతులు మారునది. బిల్లుండదు, మొలువకున్న అడుగుటకు దిక్కుండదు. ఐనను రైతు కొనును; వానలు పట్టిన పదిదినములలో కలుపు తీయు కూలీలు దొరకక, దొరకిన కూలి గిట్టక, ఆతడేమి చేయును? ఇటు కలుపు కూలిపై బ్రదుకు స్త్రీల జీతము పోవును, అటు ప్రక్కచేని కంది గాలికి వచ్చిన మందుతో మాడును. శాస్త్రీయపరీక్షలో నెగ్గియో ఓడియో తేలవలసిన ప్రశ్నను దొంగసంచి తేల్చుచున్నది.

తినుటకు భయపడవలెనా? 2006లో ఓరుగల్లు ప్రాంతమున బీటీ చేలలో మేసిన గొర్రెలు చచ్చినవని పత్రికలు వ్రాసెను. విచారణలో బీటీకిని ఆ చావులకును సంబంధము నిరూపితము కాలేదు. అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తులు 2016లో ప్రకటించిన పెద్దనివేదిక, అంగడిలోనున్న జన్యుమార్పిడి ఆహారముల వలన తక్కినవానికన్న అధికహాని కలిగినట్లు ఆధారము లేదని తేల్చినది. ఈ దేశమున చట్టప్రకారము పండు జన్యుమార్పిడి పంట ప్రత్తి యొక్కటియే. ఐనను ప్రత్తిగింజల నూనె మన మూకుడులలో కాగుచునే యున్నది, ఆ చెక్క తిన్న గేదెపాలు మన కాఫీలో కలియుచునే యున్నవి. నా దృష్టిలో కడుపునకు ప్రమాదము స్వల్పము. చేనికి, జేబుకు ప్రమాదము అధికము.

వంకాయ విషయమున మనము వేరుదారి పట్టితిమి. 2009 అక్టోబరులో ఆమోదసంఘము బీటీ వంగకు అనుకూలముగా చెప్పగా, నాటి పర్యావరణమంత్రి జైరాం రమేష్ ఏడు నగరములలో, అందు హైదరాబాదున సైతము, బహిరంగచర్చలు జరిపి, 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేసెను. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమగు సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్పభార్గవ, పరీక్షలు చాలవని గట్టిగా వాదించినవారిలో నొకరు. వంగకు ఈ దేశము పుట్టినిల్లగుటచే ఆ జాగ్రత్త అర్థవంతమే. కాని నిలుపుదల నాడు కోరిన స్వతంత్రపరీక్షలను పదునైదేండ్లు దాటినను మనము చేయలేదు. వద్దనుటయు కాక, ఔననుటయు కాక ఊరకుండుటయే విధానమైనది. 2014 నుండి బంగ్లాదేశ్ రైతులు అదే బీటీ వంగను, గింజ దాచుకొను సూటిరకములుగా పండించుచు, కాయతొలుచు పురుగునకు కొట్టు మందులను బాగుగా తగ్గించుకొనిరి. ఢిల్లీ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆవాలు డీఎంహెచ్-11 సైతము 2022లో అనుమతి పొంది, 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు చెరియొక తీర్పు చెప్పగా త్రిశంకుస్వర్గమున నిలిచినది.

ఇప్పుడు వంతు వరిది, అందును మన వరిది. 1986లో బాపట్లలో పుట్టి దక్షిణదేశపు కంచములను జయించిన సాంబ మసూరి, హైదరాబాదు రాజేంద్రనగరములోని వరి పరిశోధనసంస్థలో జన్యుసవరణకు గురియై ‘కమల’ యను పేర 2025 మేలో ప్రకటింపబడినది. కాటన్‌దొర సన్నాలు అను వరి రకము నుండి ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనసంస్థ వారు మఱియొకదానిని చేసిరి. ఈ రెంటిలోను పరాయి జన్యువు చేరదు. మొక్కలో నున్న అక్షరమునే చెరిపి దిద్దుదురు. కమలకు కంకిలో గింజలు పెరిగి, పంట ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చునని శాస్త్రజ్ఞుల మాట. పరీక్షల అంకెలపై విమర్శకులు అప్పుడే ప్రశ్నలు లేవదీసిరి, పరిశోధనాధికారులు వానిని త్రోసిపుచ్చిరి. ఇట్టి సవరణలను 2022లో ప్రభుత్వము కఠినపరీక్షల నుండి మినహాయించినది. ఇదే సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకొను గుణమును సంకరణముతో, జన్యుసూచికల సాయముతో, ఏ వివాదము లేకుండ హైదరాబాదు శాస్త్రజ్ఞులే మునుపు ఇచ్చియున్నారు. దారి ఒక్కటి కాదన్నమాట.

ఇరువదియేండ్ల ప్రత్తి అనుభవమున్న మనము ఈ వరిని చూచి దండము పెట్టనక్కరలేదు, దడిసి పారిపోనక్కరలేదు. పొలములవారీగా పరీక్షల ఫలితములను తెలుగులో ప్రకటింపుమని ఆ వరి పరిశోధనసంస్థను కోరవచ్చును. సవరణవిద్యపై విదేశములందున్న పేటెంటుల బాడుగ ఎవరు చెల్లింతురో చెప్పుమని ప్రభుత్వమును అడుగవచ్చును. కమల గింజలు మీ ఊరి దుకాణమునకు వచ్చిన నాడు, సంచి చేతబట్టుటకు ముందు అమ్మువానిని ఒక్కమాట అడిగి, జవాబును బిల్లుపై వ్రాయించుకొనుడు: ఈ పంటలోని వడ్లనే దాచి, వచ్చే యేడు మరల నారు పోసికొనవచ్చునా?